గుర్తు అంచుది కాదు, వలయానిది

అందరికీ నమస్కారం. గ్రాఫ్ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు కాబట్టి ఉపోద్ఘాతం రెండు ముక్కల్లో ముగిస్తాను. కొన్ని చుక్కలు ఉంటాయి, వాటిని శీర్షాలంటాం. కొన్ని జతల మధ్య గీతలు ఉంటాయి, వాటిని అంచులంటాం. ప్రతి అంచు మీదా ధన గుర్తో రుణ గుర్తో వేస్తే అది సైన్డ్ గ్రాఫ్. నిర్వచనం అంతే. ఇది చూడగానే, అంచులకి వెయిట్లు వేయడం మనకి తెలిసిందే, ఇక్కడ +1, −1 అనే రెండు వెయిట్లు వేశారు, ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది దారి తప్పుతారు. ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: ఈ శాస్త్రంలో ఒక్కో అంచు మీది గుర్తుకి విడిగా విలువ లేదు, విలువంతా వలయం గుర్తుకే.

వలయం అంటే ఒక శీర్షం నుంచి బయల్దేరి, మధ్యలో ఏ శీర్షాన్నీ రెండోసారి తొక్కకుండా మళ్లీ మొదటి చోటికే వచ్చే దారి. ఆ దారిలోని అంచుల గుర్తులన్నీ గుణించండి. రుణ అంచులు సరి సంఖ్యలో ఉంటే ధన వలయం, బేసి సంఖ్యలో ఉంటే రుణ వలయం. గ్రాఫ్‌లో ఒక్క రుణ వలయం కూడా లేకపోతే దాన్ని సంతులిత గ్రాఫ్ అంటాం.

దీని పుట్టుక సగం గణితంలో, సగం మనస్తత్వ శాస్త్రంలో ఉంది. గుర్తుల్లేకపోయినా ఇలాంటి ఆలోచనే డేనెష్ కోనిగ్ 1936లో రాసిన గ్రాఫ్ సిద్ధాంత గ్రంథంలో కనిపిస్తుంది. 1946లో ఫ్రిట్జ్ హైడర్ మనుషుల ఇష్టాయిష్టాలు ఎప్పుడు పొసుగుతాయో, ఎప్పుడు ఇబ్బంది పెడతాయో రాశాడు. 1953లో ఫ్రాంక్ హరారీ సైన్డ్ గ్రాఫ్ అనే వస్తువుని నిర్వచించి సిద్ధాంతం నిరూపించాడు. 1956లో కార్ట్‌రైట్, హరారీ కలిసి ఆ రెంటినీ ముడివేశారు.

మన వైపు ఈ లెక్కకి ఇంకా పాత రూపం ఒకటుంది. కౌటిల్యుని మండల సిద్ధాంతంలో విజిగీషువు అంటే జయం కోరే రాజు, అతని రాజ్యాన్ని ఆనుకుని ఉన్నవాడు అరి, అంటే శత్రువు. వాడికి అవతలివాడు మిత్రుడు, ఆ పైవాడు అరిమిత్రుడు, ఆ పైన మిత్రమిత్రుడు, ఆ తర్వాత అరిమిత్రమిత్రుడు. వీళ్లందరినీ వరసగా ఒక గీత మీద పెట్టండి. పక్కపక్క రాజ్యాల మధ్య ప్రతి అంచూ రుణం. విజిగీషువు నుంచి లెక్కపెడితే ఒక అంచు దూరంలో రుణం, రెండంచుల దూరంలో ధనం, మూడు దాటితే మళ్లీ రుణం. పేర్లు అచ్చంగా అలాగే మారుతున్నాయి చూడండి. గీతలో వలయమే లేదు కనుక చిక్కు లేదు. కానీ నేల గీతలా ఉండదు. మూడు రాజ్యాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే మూడంచులూ రుణమైన త్రిభుజం వస్తుంది, అది రుణ వలయం. అటు అరికీ ఇటు విజిగీషువుకీ ఇద్దరికీ భూమి ఆనుకున్న రాజుని కౌటిల్యుడు అరి అనీ అనలేదు, మిత్రుడనీ అనలేదు. మధ్యముడు అని వేరే పేరు పెట్టాడు. ఆయన గ్రాఫ్ సిద్ధాంతం చేశాడని నేననడం లేదు. రుణ త్రిభుజంలో మూడో శీర్షాన్ని ఏ పక్షంలో వేసినా ఒక అంచు తప్పుతుంది. ఆ ఇబ్బంది ఆయనకీ ఎదురైందని మాత్రమే అంటున్నాను.

ఇక హరారీ సిద్ధాంతం. శీర్షాలని రెండు పక్షాలుగా పంచి, ధన అంచులన్నీ పక్షాల లోపల, రుణ అంచులన్నీ పక్షాల మధ్య ఉండేట్టు చేయగలిగితే గ్రాఫ్ సంతులితం. సంతులితమైతే అలా పంచడం తప్పకుండా కుదురుతుంది. ఒక పక్షం ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. మొదటి సగానికి నిరూపణ గోదావరి వంతెన లాంటిది: రాజమండ్రి నుంచి బయల్దేరి మళ్లీ రాజమండ్రికే తిరిగొచ్చినవాడు నదిని సరిసార్లే దాటి ఉంటాడు. రుణ అంచులన్నీ వంతెనలే కనుక ప్రతి వలయంలోనూ అవి సరి సంఖ్యలో ఉంటాయి. రెండో సగానికి నిరూపణ అంటే పరీక్ష చేసే పద్ధతే. అది చేతితో ఒకసారి చేసి చూద్దాం.

అయిదు శీర్షాలు, ఏడంచులు. 1–2 ధనం, 1–3 రుణం, 1–5 ధనం, 3–4 ధనం, 2–3 రుణం, 4–5 రుణం, 2–4 ధనం. కాగితం మీద వేసుకోండి. ముందు అన్ని శీర్షాలనీ కలుపుతూ, వలయం లేకుండా నాలుగంచులు ఎంచుకోవాలి. దాన్నే స్పానింగ్ ట్రీ అంటాం. మొదటి నాలుగూ తీసుకుందాం. 1కి + అని రాయండి. అక్కడి నుంచి ప్రతి శీర్షానికీ, దాని ముందున్న శీర్షం గుర్తుని మధ్యలోని అంచు గుర్తుతో గుణించి రాయండి. 2కి +, 3కి −, 5కి +, 3 మీదుగా 4కి −. ఇప్పుడు మిగిలిన మూడంచులు చూడండి. 2–3 రుణం, కొసల గుర్తులు +, −, లబ్ధం రుణం, సరిపోయింది. 4–5 కూడా సరిపోయింది. 2–4 ధనం, కానీ కొసల లబ్ధం రుణం. పొసగలేదు, కాబట్టి గ్రాఫ్ సంతులితం కాదు. ఎందుకు కాదో సాక్ష్యం కూడా చేతిలో ఉంది: 2 నుంచి 4కి, అక్కడి నుంచి ట్రీ వెంట 3, 1 మీదుగా 2కి వచ్చే వలయంలో ఒకే ఒక రుణ అంచుంది.

ఈ పని మొత్తానికి ప్రతి అంచునీ ఒక్కసారి చూస్తే చాలు. కోటి అంచులున్నా కంప్యూటర్‌కి ఇది పెద్ద పని కాదు. నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు ప్రోగ్రామ్‌గా రాసి వలయాలన్నీ లెక్కపెట్టబోతే మాత్రం ముప్పై నలభై శీర్షాల దగ్గరే అది నిలిచిపోతుంది. వలయాల సంఖ్య ఘాతీయంగా పెరుగుతుంది.

ఇంకో తప్పు ఇంతకన్నా ఎక్కువ కనిపిస్తుంది. త్రిభుజాలు మాత్రం చూసి, అన్నీ ధనమే కనుక గ్రాఫ్ సంతులితం అనేస్తారు. ప్రతి జత మధ్యా అంచు ఉన్న సంపూర్ణ గ్రాఫ్‌లో అది నిజమే. పెద్ద వలయాన్ని కర్ణాలతో త్రిభుజాలుగా కోయొచ్చు, కర్ణం రెండు త్రిభుజాల్లోనూ వస్తుంది కనుక దాని గుర్తు రద్దవుతుంది. నిజానికి ఏదో ఒక శీర్షం గుండా పోయే త్రిభుజాలు చాలు. ఆరు శీర్షాలుంటే 20 త్రిభుజాలకి బదులు 10. కానీ అంచులు కొన్ని లేని గ్రాఫ్‌లో ఈ వాదం నిలవదు. ఒక చతురస్రం తీసుకుని ఒక భుజం మాత్రం రుణం చేయండి. త్రిభుజమే లేదు, అయినా అది సంతులితం కాదు. సోషల్ నెట్‌వర్క్ డేటా మీద పనిచేసేవాళ్లు ధన త్రిభుజాల శాతం చెప్పి ఊరుకుంటే నాకు అందుకే తృప్తి ఉండదు. ఆ నెట్‌వర్క్‌లలో చాలా జతల మధ్య అంచే ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, స్విచింగ్. ఒక శీర్షాన్ని పట్టుకుని దానికి తగిలిన అంచులన్నిటి గుర్తులూ ఒకేసారి తిరగేయండి. అంచులు చాలా మారిపోయాయి. వలయాలు? ఆ శీర్షం గుండా పోయే వలయం దాని అంచులు సరిగ్గా రెండు వాడుకుంటుంది. రెండూ తిరగబడితే లబ్ధం మారదు. ఎన్ని శీర్షాలని ఎన్నిసార్లు స్విచ్ చేసినా ఒక్క వలయం గుర్తూ మారదు. తిరగేసి చెప్పినా నిజమే: ఒకే గ్రాఫ్ మీద రెండు గుర్తుల అమరికల్లో రుణ వలయాలు అవే అయితే, ఒకదాన్ని స్విచింగ్‌తో రెండోదిగా మార్చొచ్చు. థామస్ జాస్లావ్‌స్కీ 1982 నుంచి రాసిన పత్రాలు ఈ దృష్టినే మొత్తం శాస్త్రానికి పునాది చేశాయి.

మన ఏడంచుల గ్రాఫ్‌లో దీని బలం చూడండి. గుర్తులు వేసే తీరులు 2కి 7వ ఘాతం, అంటే 128. స్విచింగ్‌తో ఏ స్పానింగ్ ట్రీనైనా పూర్తిగా ధనం చేసేయొచ్చు. ట్రీ బయట మిగిలిన మూడంచుల గుర్తులే అసలు సమాచారం. కాబట్టి నిజంగా వేరైనవి 8 తరగతులే, ఒక్కో తరగతిలో 16 అమరికలు. పీటర్‌సన్ గ్రాఫ్ తీసుకుంటే ఇంకా బాగుంటుంది. 10 శీర్షాలు, 15 అంచులు, 32,768 అమరికలు. స్విచింగ్ తరగతులు 64. గ్రాఫ్‌ని తిప్పి పేర్లు మార్చితే ఒకటే అయ్యేవాటిని కూడా కలిపేస్తే మిగిలేవి ఆరు. ముప్పై రెండు వేల పైచిలుకు చిత్రాల వెనక ఉన్నది ఆరు వస్తువులు. "ఈ గ్రాఫ్‌లో రుణ అంచులు ఎన్ని" అనే ప్రశ్నకి విడిగా అర్థం లేదని నేను అనేది అందుకే. ఒక్క స్విచ్ వేస్తే ఆ సంఖ్య మారిపోతుంది.

మరి అర్థమున్న సంఖ్య ఏది? ఒకే స్విచింగ్ తరగతిలో రుణ అంచులు అన్నిటికన్నా తక్కువగా ఎన్ని ఉండగలవు అనేది. దాన్ని ఫ్రస్ట్రేషన్ ఇండెక్స్ అంటారు. కనీసం ఎన్ని అంచులు తీసేస్తే గ్రాఫ్ సంతులితం అవుతుందో ఆ సంఖ్య కూడా ఇదే. మన ఉదాహరణకి అది 1. 2–4 తీసేస్తే చాలు. ఫ్రస్ట్రేషన్ అనే మాట భౌతిక శాస్త్రం నుంచి వచ్చింది. స్పిన్ గ్లాస్‌లు అనే అయస్కాంత పదార్థాల్లో పక్కపక్క పరమాణువుల స్పిన్‌లు, అంటే చిన్న అయస్కాంతాల్లాంటివి, కొన్ని ఒకే దిక్కుకి, కొన్ని ఎదురు దిక్కుకి తిరగాలనుకుంటాయి, అన్నిటినీ ఒకేసారి తృప్తి పరచలేం. 1977లో జెరార్ టూలూజ్ దానికి ఈ పేరు తగిలించాడు.

సంతులితమా కాదా అని తేల్చడం ఎంత తేలికో, ఎంత దూరంలో ఉందో తేల్చడం అంత కష్టం. అన్ని అంచులూ రుణమైన గ్రాఫ్‌లో ఈ ప్రశ్న మ్యాక్స్ కట్ సమస్యగా (శీర్షాలని రెండుగా పంచి, మధ్యలో పడే అంచులని వీలైనన్ని ఎక్కువ చేయడం) మారిపోతుంది, అది ఎన్‌పీ-కఠినం, అంటే దాన్ని ఎప్పుడూ త్వరగా తేల్చే పద్ధతి ఏదీ తెలియదు. అయినా అందరికీ వెంటనే తట్టే ఉపాయం ఒకటుంది: రుణ అంచులు సగానికి మించిన శీర్షం కనిపిస్తే దాన్ని స్విచ్ చేయడం, అలాంటి శీర్షం మిగలనంతవరకూ కొనసాగించడం. ప్రతి అడుగులో రుణ అంచులు తగ్గుతాయి కనుక ఎక్కడో ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందన్నదే తంటా. రెండు త్రిభుజాలు గీసి, ఎదురెదురు మూలలు కలపండి. ఆరు శీర్షాలు, తొమ్మిది అంచులు. త్రిభుజాల భుజాలన్నీ ధనం, కలిపిన మూడంచులు రుణం. ప్రతి శీర్షం దగ్గరా రెండు ధనం, ఒకటి రుణం. ఏ ఒక్కదాన్ని స్విచ్ చేసినా పరిస్థితి చెడుతుంది. ప్రోగ్రామ్ 3 అని జవాబిచ్చి ఆగిపోతుంది. కానీ ఒక త్రిభుజం మూలలు మూడూ కలిపి స్విచ్ చేస్తే మూడు రుణాలూ ధనమైపోతాయి. అసలు జవాబు సున్నా! అంచేత ఈ పద్ధతితో వచ్చిన సంఖ్యని పై హద్దుగా మాత్రమే తీసుకోవాలి.

అంచులు ఒకదాన్నొకటి ఖండించకుండా కాగితం మీద గీయగలిగే గ్రాఫ్‌లకి మినహాయింపు ఉంది. అక్కడ అంచులు కాగితాన్ని కోసే గదులని ముఖాలంటాం, చుట్టూ ఉన్న అంచుల గుర్తుల లబ్ధం రుణమైతే అది రుణ ముఖం. రుణ ముఖాలని జతలుగా చేసి, జతల మధ్య మొత్తం దూరం (దాటాల్సిన అంచుల సంఖ్య) కనిష్ఠమయ్యేలా చూస్తే జవాబు త్వరగానే వచ్చేస్తుంది. బయటి ముఖాన్ని మరిచిపోకండి. దాన్ని కూడా కలుపుకుంటేనే రుణ ముఖాలు సరి సంఖ్యలో వస్తాయి. మరిచిపోతే ఒక్కోసారి జత దొరకని ముఖం ఒకటి మిగిలిపోతుంది.

కింది హద్దు కావాలంటే మాత్రికల దగ్గరికి వెళ్లాలి. లాప్లాసియన్ మాత్రిక ఇలా కట్టండి: కర్ణం మీద ఆ శీర్షానికి తగిలిన అంచుల సంఖ్య, ధన అంచు ఉన్న చోట −1, రుణ అంచు ఉన్న చోట +1. కర్ణం మీద మొత్తం అంచులే లెక్కపెట్టాలి, ధనాల్లోంచి రుణాలు తీసేయకూడదు. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. ఒకే ఒక రుణ అంచు తీసుకుని చూస్తే తేడా తెలుస్తుంది: సరిగ్గా కడితే ఐగన్ విలువలు (మాత్రిక కొన్ని ప్రత్యేక సదిశలని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్యలు) 0, 2. తప్పుగా కడితే 0, −2. శీర్షాలకి సంఖ్యలు వేస్తే ఈ మాత్రిక అంచుకొక వర్గం చొప్పున కూడి ఒక మొత్తం ఇవ్వాలి; ఐగన్ విలువ రుణం అయిందంటే వర్గాల మొత్తం అనే ఆ అర్థమే పోయినట్టు. సరిగ్గా కట్టినప్పుడు అతి చిన్న ఐగన్ విలువ ఎప్పుడూ సున్నా లేదా అంతకన్నా ఎక్కువ. అంచులతో ఒకటిగా కలిసిన భాగాల్లో సంతులితమైనది ఒక్కటైనా ఉంటేనే అది సున్నా అవుతుంది. శీర్షాలకి ఎలా +1, −1 పంచినా, ఆ మాత్రిక ఇచ్చే వర్గాల మొత్తం పొసగని అంచుల సంఖ్యకి నాలుగు రెట్లు. దాన్నుంచి వెంటనే వచ్చేది: ఫ్రస్ట్రేషన్ ఇండెక్స్, అతి చిన్న ఐగన్ విలువని శీర్షాల సంఖ్యతో గుణించి 4తో భాగిస్తే వచ్చేదానికన్నా తక్కువ కాదు. అన్ని అంచులూ రుణమైన పీటర్‌సన్ గ్రాఫ్‌లో అతి చిన్నది 1, శీర్షాలు 10. 10ని 4తో భాగిస్తే 2.5, అంటే కనీసం 3. 15 అంచుల్లో 12 పక్షాల మధ్య పడేట్టు శీర్షాలని పంచడం సాధ్యమే, కాబట్టి జవాబు సరిగ్గా 3. వెతుకులాట లేకుండా తేలిపోయింది.

ఈ మాత్రికల దారిలో మన దేశం వాళ్ల పని ఒకటి తప్పక చెప్పాలి. బి.డి. ఆచార్య 1980లో ఇచ్చిన గీటురాయి: గుర్తులతో రాసిన పక్కపక్కల మాత్రికకీ (అంచు ఉన్న చోట దాని గుర్తుతో 1, లేని చోట 0), గుర్తులు చెరిపేసి రాసిన మాత్రికకీ ఐగన్ విలువలు అన్నీ ఒకటే అయితేనే గ్రాఫ్ సంతులితం. కారణం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మాత్రిక ఘాతాల కర్ణ మొత్తాలు బయల్దేరిన చోటికే వచ్చే నడకల గుర్తుల మొత్తాలు. ఒక్క రుణ నడక ఉన్నా ఆ పొడవు దగ్గర రెండు మొత్తాలూ తేడా పడతాయి.

ఇంతవరకూ రుణ వలయం ఏదో లోపం అన్నట్టు మాట్లాడాను. ఇప్పుడు రుణ వలయాలు కావాలని పెట్టుకుని గెలిచిన సందర్భం చూద్దాం. హైపర్‌క్యూబ్ శీర్షాలు అంటే 0, 1 అంకెల వరసలు; ఒక్క చోట మాత్రమే తేడా ఉన్న వరసల మధ్య అంచు. మూడు అంకెలైతే మామూలు ఘనం. సరి సంఖ్యలో 1లు ఉన్న వరసలు మాత్రం తీసుకుంటే సరిగ్గా సగం శీర్షాలు వస్తాయి, వాటి మధ్య ఒక్క అంచూ ఉండదు. సగానికి ఇంకొక్కటి ఎక్కువ తీసుకుంటే, ఏదో ఒక శీర్షం దగ్గర కనీసం ఎన్నంచులు తప్పకుండా పడతాయి? 0, 1 ఇన్‌పుట్‌ల మీద పనిచేసే ఫంక్షన్ల సంక్లిష్టత గురించి 1992 నుంచి ఉన్న సెన్సిటివిటీ ఊహ ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉందని తెలుసు, జవాబు మాత్రం దొరకలేదు. 2019లో హావ్ హువాంగ్ కొద్ది పేజీల్లో తేల్చేశాడు.

అతను చేసింది ఇది. హైపర్‌క్యూబ్ అంచులకి, ప్రతి చతురస్రమూ రుణ వలయం అయ్యేట్టు గుర్తులు వేశాడు. కట్టే తీరు తేలిక: చిన్న క్యూబ్‌కి రెండు నకళ్లు తీసుకుని, రెండో నకలులో గుర్తులన్నీ తిరగేసి, రెంటినీ ధన అంచులతో కలపాలి. ఇప్పుడు ఆ మాత్రికని వర్గం చేయండి. రెండడుగుల దూరంలో ఉన్న ఏ రెండు శీర్షాల మధ్యైనా సరిగ్గా రెండు దారులుంటాయి. ఆ రెండూ కలిసి ఒక చతురస్రం, అది రుణం, కాబట్టి దారుల గుర్తులు ఎదురెదురై రద్దవుతాయి. మిగిలేది కర్ణం మాత్రమే. తొమ్మిది అంకెల క్యూబ్ అయితే కర్ణమంతా 9. అంటే ఐగన్ విలువలు 3, −3 మాత్రమే, కర్ణ మొత్తం సున్నా కనుక చెరి 256. ఇప్పుడు 512 శీర్షాల్లో ఏ 257 తీసుకున్నా, కోషీ ఇంటర్‌లేసింగ్ (మాత్రిక ఐగన్ విలువలనీ దాని ముక్క ఐగన్ విలువలనీ పోల్చే సూత్రం) ప్రకారం ఆ ముక్క పెద్ద ఐగన్ విలువ 3కి తగ్గదు. ఐగన్ విలువ గరిష్ఠ డిగ్రీని, అంటే ఒక శీర్షానికి తగిలిన అంచుల గరిష్ఠ సంఖ్యని, మించదు. కాబట్టి ఆ ముక్కలో కనీసం మూడంచులున్న శీర్షం ఒకటి తప్పక ఉంటుంది. 256 దగ్గర సున్నా, 257 దగ్గర కనీసం మూడు! సాధారణంగా అంకెల సంఖ్యకి వర్గమూలం. గుర్తులు లేకుండా అదే మాత్రికతో ప్రయత్నిస్తే ఐగన్ విలువలు −9 నుంచి 9 దాకా చెదిరిపోతాయి, మధ్యలో ఉన్నది 1. దాంతో ఏమీ పని జరగదు.

సమయం అయిపోతోంది కనుక లిఫ్ట్ గురించి వేగంగా చెబుతాను. ప్రతి శీర్షానికీ రెండు నకళ్లు పెట్టండి. ధన అంచుని ఒకే వరస నకళ్ల మధ్య నేరుగా, రుణ అంచుని ఎదురు వరసలోకి అడ్డంగా గీయండి. సంతులిత గ్రాఫ్ అయితే రెండు విడి నకళ్లు వస్తాయి. రుణ త్రిభుజం అయితే ఒక షడ్భుజి వస్తుంది. దాని ఐగన్ విలువలు 2, 1, 1, −1, −1, −2. అందులో 2, −1, −1 గుర్తుల్లేని త్రిభుజానివి, −2, 1, 1 మూడంచులూ రుణమైన త్రిభుజానివి. ఏ గ్రాఫ్‌కైనా ఇలాగే విడిపోతుంది. బిలు, లీనియల్ 2006లో దీన్ని వాడి మంచి గుర్తులు దొరికితే మంచి పెద్ద గ్రాఫ్‌లు కట్టొచ్చన్నారు. మార్కస్, స్పీల్‌మన్, నిఖిల్ శ్రీవాస్తవ 2013లో ఆ దారినే, శీర్షాలు రెండు వర్గాలుగా విడిపోయే గ్రాఫ్‌లలో ప్రతి డిగ్రీకీ రామానుజన్ గ్రాఫ్‌లు (ఐగన్ విలువలు వీలైనంత చిన్నవిగా ఉండే, బాగా అల్లుకున్న గ్రాఫ్‌లు) ఉన్నాయని నిరూపించారు.

ప్రశ్న: రెండు పక్షాలే ఎందుకండీ? ముగ్గురూ ఒకరికొకరు శత్రువులైతే మూడు పక్షాలు అనుకోవచ్చు కదా?

అనుకోవచ్చు. 1967లో జేమ్స్ డేవిస్ అదే చేశాడు. ఎన్ని పక్షాలైనా సరే అంటే కావలసిన షరతు మారుతుంది: సరిగ్గా ఒకే ఒక రుణ అంచున్న వలయం ఉండకూడదు. పరీక్ష కూడా తేలికే. ధన అంచులతో కలిసిన ముక్కలు విడదీసి, ఏదైనా రుణ అంచు ఒకే ముక్క లోపల పడిందేమో చూడాలి. న్యూగినీ ఎగువ ప్రాంతపు గహుకు-గామా తెగల గురించి కెన్నెత్ రీడ్ 1954లో ఇచ్చిన వివరాలు దీనికి పాత ఉదాహరణ. 16 సమూహాలు, 29 ధన అంచులు, 29 రుణ అంచులు. రెండు పక్షాలుగా పంచితే ఎంత చూసుకున్నా 7 అంచులు పొసగవు. మూడు చేస్తే తప్పులు బాగా తగ్గుతాయి. అక్కడ శత్రువుకి శత్రువు మిత్రుడే కావాలని లేదు.

కానీ ఒక్కటి గమనించండి. మూడంచులూ రుణమైన త్రిభుజంలో ఒక మూలని స్విచ్ చేస్తే రెండు ధనం, ఒకటి రుణం అవుతుంది. మొదటిది డేవిస్ పరీక్షలో నెగ్గుతుంది, రెండోది నెగ్గదు. వలయం గుర్తు మాత్రం మారలేదు. అంటే డేవిస్ ప్రశ్నలో అంచు మీది గుర్తుకే విలువ ఉంది, అక్కడ స్విచింగ్ పనికిరాదు. మీ డేటాలో రుణం అంటే నిజంగా వైరమా, లేక ఎదురు దిక్కు అని మాత్రమేనా అన్నది ముందే తేల్చుకోండి. ఏ పరీక్ష వాడాలో దాన్ని బట్టే ఉంటుంది.